రాలిన కాయ, కోసిన కాయ

ప్రశ్న: సార్, నమస్కారం. నా వయసు 26. మాది నూజివీడు దగ్గర ఒక ఊరు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వచ్చి ఒక చిన్న కంపెనీలో కంటెంట్ రైటర్‌గా చేస్తున్నాను. టైల్స్, ఇన్సూరెన్స్, వాటర్ ప్యూరిఫయర్లు, ఇలా ఏది ఇస్తే దాని మీద రోజుకు రెండు మూడు రాసిస్తాను. అవి కాక సొంతంగా వ్యాసాలు రాసి పత్రికలకు పంపుతుంటాను. యువతలో నిరాశ, మాతృభాష గొప్పతనం, సెల్‌ఫోన్ వల్ల అనర్థాలు, ఇలాంటి విషయాల మీద. మూడేళ్ళలో 17 పంపితే ఒక్కటీ పడలేదు. ఒక సంపాదకుడు మాత్రం దయతలచి, "భాష బాగుంది, తప్పుల్లేవు. కానీ ఈ విషయం మీద మీకు నిజంగా ఆసక్తి ఉన్నట్టు అనిపించలేదు" అని జవాబు రాశారు. అప్పట్నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. ఇష్టమైనదే రాయాలని అందరూ అంటారు. నాకు దేని మీదా అంత ప్యాషన్ లేదు. మా రూమ్మేట్‌కి క్రికెట్ పిచ్చి, పక్క గదిలో వాడికి సినిమా పిచ్చి. నాకే పిచ్చీ లేదు. పిచ్చి లేనివాడు రాయకూడదా? ఇష్టం లేనివి జీతం కోసం రోజూ రాయడం వల్ల చెయ్యి పాడైపోతోందా?

ఈ ఉత్తరం ఏప్రిల్‌లో మొదలుపెట్టాను, మధ్యలో ఊరెళ్ళాల్సి వచ్చి ఆగిపోయింది. మా నాన్న మామిడితోటలు కౌలుకు చేస్తారు. గాలివాన కొట్టి కాయ రాలిపోతే ఏరడానికి మనుషులు దొరక్క నన్ను రమ్మన్నారు. రాలిన కాయ కోసిన కాయల్లో కలిసిపోతే పైకి ఏమీ తెలియదు, రెండు మూడు రోజులకు నల్లబడి పక్క కాయల్నీ చెడగొడుతుంది. మా నాన్న మాత్రం ఎటో చూసి మాట్లాడుతూనే, కాయ చేతికి తగలగానే రాలినదాన్ని తీసి అవతల పడేస్తారు. ఎలా చెబుతారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. సరే, అది వదిలేయండి. నా ప్రశ్నకు జవాబు ఇస్తారని ఆశిస్తున్నాను.

– పేరు రాయవద్దు, హైదరాబాద్

జవాబు: వదిలేయను.

మీ ఉత్తరం కాఫీ తాగుతూ చదివాను. నిజం చెప్పాలంటే సగం దాకా వచ్చి పక్కన పెడదామనుకున్నాను. ఇలాంటి ఉత్తరాలు నెలకు ఐదారు వస్తాయి. అన్నిట్లోనూ అదే ప్రశ్న, మాటలూ దాదాపు అవే. చివర్లో గాలివాన దగ్గరికి వచ్చేసరికి కప్పు కింద పెట్టాను. వయసులో మీరు మా చిన్నబ్బాయి కన్నా చిన్నవారు. అయినా మీరు అనే అంటాను. కానీ ఆ చివరి మాట దగ్గర మాత్రం "ఒరేయ్, దీన్ని వదిలేయమంటావేంట్రా!" అని పైకే అన్నాను. ఎవరితో మాట్లాడుతున్నారని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది.

మీ ఉత్తరాన్నే ముందు పెట్టుకుని చూద్దాం. మొదటి పేరా ఉంది చూశారా, దాంట్లో నూజివీడు తీసి నిజామాబాద్ పెట్టినా, 26 తీసి 32 పెట్టినా ఏమీ మారదు. మీరు పంపిన 17 వ్యాసాలు నేను చదవలేదు కానీ, "యువతలో నిరాశ" అన్న పేరు చూస్తే లోపల ఏముందో సుమారుగా చెప్పగలను. నేటి సమాజంలో అని మొదలై ఉంటుంది, తల్లిదండ్రులు, ప్రభుత్వం చేతులు కలపాలని ముగిసి ఉంటుంది. తప్పుల్లేని తెలుగులో. ఆ సంపాదకుడు అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు రెండో పేరా. రెండు మూడు రోజులకు నల్లబడుతుందట. పక్క కాయల్నీ చెడగొడుతుందట. మీ నాన్నగారు ఎటో చూసి మాట్లాడుతూనే తీసేస్తారట. ఇవన్నీ రాయమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. ఉత్తరం ఆలస్యమైందని చెప్పడానికి "ఊరెళ్ళాను" అంటే చాలు. కానీ చెయ్యి ఆగలేదు. పైగా "ఇప్పటికీ అంతుపట్టలేదు" అన్నారు. ఇప్పటికీ అనడంలోనే తెలుస్తోంది, ఇది ఈ ఏప్రిల్ సంగతి కాదు. చిన్నప్పట్నుంచి ఆ కాయల కుప్ప పక్కన కూర్చుని మీరు ఆ చేతిని చూస్తూనే ఉన్నారు. ఆయన్ని అడగలేదు, మీకు మీరు తేల్చుకోలేదు, మర్చిపోనూ లేదు. దేని మీదా ఆసక్తి లేదని రాసిన మనిషి ఇరవయ్యేళ్ళుగా ఒక ప్రశ్న మోసుకుని తిరుగుతున్నాడు.

ప్యాషన్ అన్న మాటతో నాకు కొంచెం పేచీ ఉంది. ఈమధ్య పార్శిళ్ళు మోసే ఉద్యోగానికి కూడా ప్రకటనలో అది కావాలని అడుగుతున్నారు. ఆ మాట వినగానే కళ్ళు మెరవాలి, గొంతు పెరగాలి, తిండీ నిద్రా మానెయ్యాలి అనిపిస్తుంది. అలా లేనివాళ్ళు తమలో ఏదో లోటుందని బాధపడుతుంటారు. మా అమ్మ వాడే మాట వేరే ఉంది, ధ్యాస. "వీడి ధ్యాసంతా ఆ రేడియో మీదే" అనేది. ధ్యాస ఉన్నవాడు గట్టిగా మాట్లాడకపోవచ్చు. పక్కవాడికి తెలియకపోవచ్చు కూడా. పని చేసుకుంటూనే ఉంటాడు, మనసు మాత్రం అటే పోతూ ఉంటుంది. రాతకు కావలసింది ఇదేనని నా అనుభవం. మీ రూమ్మేట్ సంగతే చూడండి. నిన్నటి మ్యాచ్ గురించి ఒక పేజీ రాయమనండి. సూపర్ మ్యాచ్, మామూలు కొట్టుడు కాదు, నరాలు తెగిపోయాయి అని రాస్తాడేమో. ఆ పిచ్చి నిజమైనదే, నేను కాదనను. దాంతో పేజీ నిండకపోవచ్చు, అంతే. ఫీల్డింగ్ మార్చిన రెండు బంతుల తర్వాతే క్యాచ్ ఎందుకొచ్చిందని మూడు రోజులు ఆలోచించేవాడైతే, వాడి చేత వెంటనే రాయించండి.

ఇది నేను తేలిగ్గా నేర్చుకున్నది కాదు. నాకూ ఒక పిచ్చి ఉండేది, సురభి నాటకాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి కుటుంబం మొదలుపెట్టిన ఆ నాటక సమాజం తర్వాత కొమ్మలు కొమ్మలుగా విడిపోయి ఊరూరా తిరిగింది. మా ఊరికి వచ్చి డేరా వేస్తే నేను ఇంటిపట్టున ఉండేవాణ్ణి కాదు. పత్రికలో చేరిన రెండో ఏడు, సురభి మీద ఆదివారం సంచికకు వ్యాసం రాస్తానని ఎగబడి అడిగి మరీ తీసుకున్నాను. ఒక్క రాత్రిలో రాసేశాను. రాస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతకన్నా ఇష్టంతో ఎవరూ ఏదీ రాసి ఉండరని అనుకున్నాను.

మా ఇన్‌ఛార్జి కాగితాలు తిరిగిచ్చారు. "అద్భుతం" అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి, లెక్కపెడితే తొమ్మిది. కింద ఒక ప్రశ్న: రెండు బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయన్నావు, ఎలా?

నాకు తెలియదు. చిన్నప్పట్నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ బాణాలు ఎలా వస్తాయో తెలుసుకోవాలని ఒక్కసారీ అనిపించలేదు. ఇష్టం అంత నిండుగా ఉంది మరి, ప్రశ్నకు చోటెక్కడిది!

రెండు వారాల తర్వాత ఒక డేరా వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ముందు నుంచి చూస్తే కనపడని సన్నటి తీగలు, ఈ పక్క ఒక కుర్రాడు, ఆ పక్క ఇంకొకడు. అంతకుముందు రంగంలో భటుడిగా నిలబడి వచ్చిన అబ్బాయే ఇప్పుడు మీసం చెరపకుండా బాణం పట్టుకుని ఉన్నాడు. పద్యంలో ఏ మాట దగ్గర వదలాలో వాడికి తెలుసు. ఆ పక్కనే ఒకావిడ చంకలో పిల్లని జోకొడుతూ తన పద్యం కోసం చెవొగ్గి ఉంది. ఇంతా చూశాక నా ఇష్టం తగ్గిందా అంటే, లేదు. పద్ధతి మారింది. రెండోసారి రాసిన వ్యాసంలో అద్భుతం అన్న మాట లేదు, అచ్చయింది. మొదటిది ఇప్పటికీ నా దగ్గర ఉంది, సిగ్గు తెచ్చుకోవాలనిపించినప్పుడు తీసి చదువుతాను.

అందుకే ఇష్టమైనదే రాయండి అన్న సలహాను నేను సగమే ఒప్పుకుంటాను. ఇష్టమైనదాని గురించి రాసినప్పుడే మనిషి ఎక్కువ పొగుడుతాడు, ఎక్కువ వదిలేస్తాడు. పొగడ్తకు వివరం అక్కర్లేదు కదా. మన ఊరి జాతర గురించీ, అమ్మమ్మ వంట గురించీ, చదువుకున్న బడి గురించీ వచ్చే వ్యాసాల్లో చాలావాటికి ఇదే జబ్బు. రాసినవాళ్ళ ప్రేమలో లోపం ఉండదు. చదివేవాళ్ళకు ఆ అమ్మమ్మ చెయ్యి కనపడదు, కమ్మదనం అన్న మాట మాత్రం పదిసార్లు వినపడుతుంది.

ప్రశ్న ఉన్న ఇష్టం ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి సురవరం ప్రతాపరెడ్డి గారిని తలుచుకోవాలి. శుకసప్తతి, హంసవింశతి లాంటి కావ్యాలను చాలామంది శృంగార కథలని ముక్కు మూసుకుని పక్కన పెట్టారు. ఇంకొందరు పద్యం నడక కోసమో, అలంకారాల కోసమో చదివారు. ఆయన అవే పద్యాలు పట్టుకుని, ఇందులో జనం ఏం తింటున్నారు, ఏం కట్టుకుంటున్నారు, పిల్లలు ఏ ఆటలాడుతున్నారు, సంతలో ఏం అమ్ముతున్నారు అని వెతుక్కున్నారు. రాజుల యుద్ధాల లెక్కలో పడని మామూలు తెలుగువాళ్ళ బతుకు అలా పేజీ పేజీకీ పోగైంది. 1949లో అది ఆంధ్రుల సాంఘిక చరిత్రగా వచ్చింది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి అవార్డు దానికే. పద్యాలు కొత్తవి కావు, ఎవరికైనా అందుబాటులో ఉన్నవే. ఆయన అడిగిన ప్రశ్న కొత్తది.

ఆయనదే ఇంకో సంగతి ఉంది, అది నాకు ఇంకా ఇష్టం. తెలంగాణలో తెలుగు కవులు పూజ్యం అని ఒకాయన రాశాడు, అంటే సున్నా అని. ప్రతాపరెడ్డి గారికి కోపం వచ్చింది. గోలకొండ పత్రిక ఆయన చేతిలోనే ఉంది. ఘాటుగా నాలుగు సంపాదకీయాలు రాసి ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన ఊరూరికీ కబురు పెట్టి, పద్యాలూ వివరాలూ తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. కోపం కూడా ఆసక్తే అంటాను నేను. మీకు ఇష్టమేదో తెలియకపోతే, మీకు ఒళ్ళు మండేదేదో చూసుకోండి. ఎవరైనా ఏదైనా తప్పుగా చెబుతుంటే "అది అలా కాదండీ" అని మీ నోరు ఎక్కడ ఊరుకోదో అక్కడ మీకు విషయం ఉన్నట్టే. మామిడికాయల గురించి మీ ఆఫీసులో ఎవరో ఏదో వాగితే మీరు ఊరుకున్నారా? నాకెందుకో ఊరుకుని ఉండరనిపిస్తోంది.

మీ రెండో ప్రశ్న, జీతం రాతల గురించి. ఇది అందరూ అడుగుతారు కానీ మనసులో జవాబు ముందే పెట్టుకుని అడుగుతారు: అవును, ఉద్యోగమే నన్ను చెడగొట్టింది అనిపించుకోవాలని. నేనలా అనను. నా జీవితంలో నేను రాసినవాటిలో ముప్పాతిక మువ్వీసం నేను కోరుకున్నవి కావు.

ఒకసారి అక్టోబరు 9 వస్తోంది, ప్రపంచ తపాలా దినోత్సవం, అర పేజీ రాయమన్నారు. తపాలా సేవలు, పోస్ట్‌మ్యాన్ అన్న, కన్నీటి ఉత్తరాలు. రాయకముందే నిద్రొచ్చింది. బల్ల మీద ఎవరో పాఠకుడు పంపిన కవరు ఉంది. దాని మీద రెండు మూడు ఊళ్ళ ముద్రలు. చూస్తే ఊరి పేరు కొత్తపల్లి. మన రెండు రాష్ట్రాల్లో కొత్తపల్లులు ఎన్నున్నాయో ఆ దేవుడికే తెలియాలి. పాపం ఆ కవరు ఒక కొత్తపల్లికి వెళ్ళి, అక్కడ కాదనిపించుకుని, తిరిగి తిరిగి వచ్చింది. అప్పుడు అనుమానం వచ్చింది, అసలు ఏ కొత్తపల్లో వాళ్ళకెలా తెలుస్తుంది? చెప్పులేసుకుని పోస్టాఫీసుకు వెళ్ళాను. సార్టింగ్‌లో ఉన్న పెద్దాయన పని ఆపకుండానే చెప్పారు. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. ఒకే పేరున్న ఊళ్ళ గొడవ తీర్చడం కూడా దాని పనే. ఆరు అంకెలు. మనదీ, కర్ణాటకదీ 5తో మొదలవుతుంది. మొదటి మూడు అంకెలు చూస్తే ఏ సార్టింగ్ జిల్లాకు పంపాలో తెలుస్తుంది, చివరి మూడూ పోస్టాఫీసువి. 9తో మొదలైతే సైన్యానిది, దాని దారి వేరు. ఆయన చెబుతూనే కవర్లు గూళ్ళలోకి విసురుతున్నారు, ఒక్కటీ గూడు తప్పలేదు. ఇంచుమించు మీ నాన్నగారి చెయ్యే.

అర పేజీ అనుకున్నది ముప్పావు పేజీ అయింది. మా కొత్తపల్లి పేరు ఎందుకు రాయలేదని ఆ వారం నాలుగు కొత్తపల్లుల నుంచి ఉత్తరాలు వచ్చాయి.

ఆ విషయం నాకు ముందు ఇష్టం కాదు. పనిలో దిగాక ఒక సందు దొరికింది, అందులోంచి లోపలికి వెళ్ళాను. మీ వాటర్ ప్యూరిఫయర్లలో కూడా అలాంటి సందు ఉంటుంది. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళ గురించి విన్నారు కదా. నీళ్ళల్లో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించి తీసేసే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ దాన్ని రూపొందించింది, దానికి నల్లగొండ పేరే పెట్టారు. మన జిల్లా పేరుతో నీళ్ళు శుభ్రం చేసే పద్ధతి ఒకటుందని తెలిశాక, మీ కంపెనీవాళ్ళు అడిగిన ఐదు వందల మాటలు అంత చప్పగా రావు. వాళ్ళు ఆ వాక్యం కొట్టేసినా ఫరవాలేదు, మీకు తెలిసింది మీ దగ్గరే ఉంటుంది. రోజుకు మూడు రాస్తున్నారన్నారు. మూడింట్లోనూ ఇలా తవ్వుకోవాలంటే కుదరదు, నాకూ తెలుసు. వారానికి ఒక్కదానికి చెయ్యండి. మిగతావి శుభ్రంగా రాసిచ్చి జీతం తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. చెయ్యి పాడయ్యేది ఎప్పుడంటే, తెలియనిది తెలిసినట్టు రాయడం అలవాటైనప్పుడు. "అత్యాధునిక సాంకేతికతతో" అని రాస్తారు చూడండి, అదేమిటో రాసినవాడికీ తెలియదు. మీ సొంత వ్యాసాల్లోకి అది ఎక్కడైనా జొరబడిందేమో వెతికి చూసుకోండి.

సరే, తోటలోకి వద్దాం.

మీరు ఈ ఉత్తరం చదివి రేపే "మామిడి – పండ్లలో రారాజు" అని వ్యాసం మొదలుపెడతారేమోనని నాకు భయంగా ఉంది. వద్దు. విటమిన్లు వద్దు. చిన్నతనంలో తోటలో దొంగతనంగా కాయలు కోసుకున్న తీపి గుర్తులు కూడా వద్దు, అవి మన భాషలో ఇప్పటికే కొన్ని లారీల సరుకు ఉన్నాయి. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్నది మంచి సంగతే, కానీ మీ కథలో దానికి పనుంటేనే రానివ్వండి. మీ దగ్గర ఉన్నది ఆ చెయ్యి. దాని చుట్టూ తిరగండి.

అడగాల్సినవి నాకే బోలెడు తోస్తున్నాయి. కౌలు బేరం పూత మీద జరిగిందా, పిందె కట్టాక జరిగిందా? పూత చూసి డబ్బు కట్టినవాడు ఏప్రిల్ గాలికి ఏం పోగొట్టుకుంటాడు? గాలివాన రాత్రి మీ నాన్నగారు నిద్రపోయారా, లేక తోటలో కాయ పడే చప్పుడు వింటూ కూర్చున్నారా? రాలిన కాయ ఎవరు కొంటారు, ఎంతకు, పచ్చళ్ళకా ఒరుగులకా? చిక్కంతో కోసిన కాయకు తొడిమ ఎంత వదలాలి, సొన కాయ మీద పడకుండా ఏం చేస్తారు? రాలినదాన్ని కోసినవాటిలో కలిపేసే మోసం జరుగుతుందా? జరిగితే మీ నాన్నగారు ఎప్పుడైనా కలిపారా? ఈ చివరిది అడగడం కష్టం. అయినా అడగండి. తిడితే తిట్టించుకోండి.

ఆయన చెప్పిన మాటలు ఆయన చెప్పినట్టే రాసుకోండి, పుస్తకం తెలుగులోకి మార్చకండి. పనివాళ్ళ నోట్లో ఉన్న మాటకు విలువ కట్టినవాళ్ళు మనకు ఉన్నారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లా జిల్లాకూ మనుషుల్ని పంపి, రైతులు ఏ పనిముట్టును ఏమంటారో పోగుచేయించి మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు, వ్యవసాయానిది 1962లో, చేనేతది 1971లో. మీరు "నాణ్యత లేని ఫలాలను వేరుచేయు ప్రక్రియ" అని రాసిన రోజున నాకు పంపకండి. మీ ఊళ్ళో దాన్ని ఒక్క ముక్కలో ఏదో అంటారు. ఆ ముక్క నాకు కావాలి.

ఇంకొకటి, ఇంత తెలుసుకున్నాక అంతా చెప్పేయాలని ఆత్రం పుడుతుంది. ఆసక్తి ఉన్నవాళ్ళకు వచ్చే రెండో జబ్బు ఇది. రైలు ప్రయాణంలో ఎదురు సీటాయన తన కాకరకాయ సాగు గురించి కాజీపేట నుంచి బల్లార్షా దాకా చెబుతాడు చూడండి, అలా. ఎవరికి చెబుతున్నామో మనసులో ఒక మనిషి ఉంటే ఇది కొంత తగ్గుతుంది. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి మార్చి చెప్పే ఉద్యోగి. 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారి పొడుగునా చూసింది మద్రాసులో ఉన్న స్నేహితుడు శ్రీనివాస పిళ్ళె కోసం రాసి పంపుతూ వచ్చారు. దారి రాతిదా ఇసుకదా, మజిలీలో సామాను దొరుకుతుందా, దిగడానికి చోటుందా, నది ఎలా దాటాలి, ఇవన్నీ రాశారు. రేపు ఆ దారిన వెళ్ళేవాడికి పనికొచ్చేవి కదా. ఆయన పోయాక 1838లో పిళ్ళె దాన్ని అచ్చువేయించాడు. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత, కాశీకి రెండు గంటల్లో విమానంలో వెళ్ళే మనం కూడా చదువుతున్నాం. ఆయనకు ప్రయాణం మీద ఆసక్తి ఉంది, స్నేహితుడి అవసరం మీద ధ్యాసా ఉంది. మీరు కూడా ఒక మనిషిని పెట్టుకోండి. మీ రూమ్మేట్ అయినా సరే, వాడికి మామిడి అంటే మాల్‌లో పెట్టెలో దొరికే వస్తువని అనుకుంటున్నాను. వాడు ఎక్కడ "ఆ తర్వాత?" అంటాడో, ఎక్కడ ఫోన్ చూసుకుంటాడో గమనించండి. ఫోన్ చూసుకున్న చోట పేరా తీసేయండి. మీకెంత ఇష్టమైన పేరా అయినా సరే.

భాష సంగతి మీరు అడగలేదు కానీ, భాష బాగుందన్న మాటని చిన్నది చేయకండి. మూడేళ్ళు 17 వ్యాసాలు రాసినందువల్లే ఆ చెయ్యి తిరిగింది. ఎంత ధ్యాస ఉన్నా వాక్యం నడపలేనివాడు ఇబ్బంది పడతాడు, మీకు ఆ ఇబ్బంది లేదు.

ఒకవేళ తోట గురించి రాయడం మొదలుపెట్టాక రెండు పేజీలకే విసుగొస్తే? రావచ్చు. అప్పుడు నా మాట మీద గౌరవంతో లాక్కుంటూ కూర్చోకండి. నేను ఉత్తరం చదివి ఊహించాను, నా ఊహ తప్పు కావచ్చు. ఇంకేదో ఉంటుంది మీరు వదిలేయమన్నది. మీరు ఇంటికి ఫోన్ చేసినప్పుడు అన్నిటికన్నా చివర, పెట్టేసే ముందు, ఏం అడుగుతారో ఒక నెల రోజులు రాసిపెట్టుకోండి. కౌలు డబ్బు అందిందా అని అడుగుతారో, వాన పడిందా అని అడుగుతారో, చెల్లి సంబంధం ఏమైందని అడుగుతారో. నాకు తెలిసి మనుషుల ధ్యాస అక్కడ బయటపడుతుంది.

ఈ ఏడాది కాయ ఇంకా చివరి కోతల్లో ఉండి ఉంటుంది. వీలైతే ఒక శనివారం బస్సెక్కండి. కుప్ప పక్కన కూర్చుని, ఈసారి చూస్తూ ఊరుకోకుండా, "నాన్నా, నీకెలా తెలుస్తుంది?" అని అడిగేయండి. చెప్పలేకపోవచ్చు ఆయన. చేతికి తెలిసింది నోటికి రాకపోవడం మామూలే. అప్పుడు రాలినది ఒకటి, కోసినది ఒకటి మీ రెండు చేతుల్లో పెట్టమనండి. బరువా, మెత్తనా, తొడిమ దగ్గర ఏమన్నా తేడానా, చర్మం చల్లదనమా, మీకేం తగిలిందో అక్కడే కూర్చుని రాసుకోండి.

ఏం తేలిందో నాకూ రాయండి. మీ ఉత్తరం వచ్చిన మర్నాడు నేను రైతుబజారుకు వెళ్ళి, కుప్పలోంచి ఒక్కో కాయ పట్టుకుని కళ్ళు మూసుకుని చూశాను. నాకేమీ తెలియలేదు. కొట్టాయన మాత్రం, "కొంటారా, దణ్ణం పెట్టుకుంటున్నారా పెద్దాయనా?" అన్నాడు.